కావడి చేపల తొట్టి

"చువా సారుకి చెప్పేశాను, ఈ ఏడు నుంచి నువ్వు రావని," అన్నాడు తియన్‌హోక్.

బాంగ్‌చీ అప్పుడు అల్లం తరుగుతోంది. కోడలు లేహున్ ఆడపిల్లను కని నాలుగో రోజు. నెల తిరిగేదాకా బాలింతకి రెండు పూటలా నువ్వులనూనెలో అల్లం ఎర్రగా వేయించి, కోడి ముక్కలు వేసి, బియ్యపు సారా పోసి ఉడికించిన పులుసు పెట్టాలి. పీట ముందు అల్లం కుప్ప, పక్కన ఈకలు పీకిన కోడి. ఆమె చేతిలో కత్తి ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది.

"ఎప్పుడు చెప్పావు?"

"నిన్న. రేవులో కనబడ్డాడు. గుడ్ల కాలం వచ్చింది కదా, మీ ఆవిడ ఎప్పుడొస్తుందన్నాడు. మనవరాలు పుట్టింది, ఇక ఎక్కడికీ రాదన్నాను. మంచిదే, ఎన్నాళ్ళని తిరుగుతుంది అన్నాడు." చిరిగిన వల బాగు చేయించానని చెప్పినంత తేలిగ్గా చెప్పి, గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగాడు. "నిన్న గిన్నె అడుగున మిగిలిన పులుసు తిన్నాను. చప్పగా ఉంది."

"బాలింత పులుసులో ఉప్పెయ్యరు."

"తినేది బాలింత ఒక్కతేనా?" అంటూ వెళ్ళిపోయాడు.

ఇరవై రెండేళ్ళుగా, మధ్యలో ఓ ఏడేళ్ళు తప్ప, ఏటా జూన్ నెలలో ఆమె పడవెక్కి ఎదురుగా ఉన్న ద్వీపానికి వెళుతోంది. అక్కడ సముద్రజీవుల ప్రయోగశాలలో కావడి చేపల చేత గుడ్లు పెట్టించి, వాటి పిల్లలు చేతికందేదాకా చూసి రావడం ఆమె పని. పని అని ఆమె అనుకుంటుంది. తియన్‌హోక్ మాత్రం 'అక్కడికి పోవడం' అంటాడు. మళ్ళీ అక్కడికి పోతున్నావా, అక్కడికి పోయొచ్చాక ఈ బట్టలు ఉతుకుతావా, అక్కడికి పోతే ఇక్కడ పందికి కుడితెవరు పెడతారు. ఇన్నేళ్ళలో ఆ 'అక్కడికి' అతని నోట ఒక పేరు రాలేదు. ప్రయోగశాల వాళ్ళ రిజిస్టరులో అయితే ఆమె ఉద్యోగానికో పేరుంది: జీవసేకరణ సహాయకురాలు, తాత్కాలికం. మొదటి ఏడూ తాత్కాలికమే, ఇరవై రెండో ఏడూ తాత్కాలికమే. ఇప్పుడు ఆ తాత్కాలికం కూడా ఇద్దరు మగవాళ్ళు రేవులో నిలబడి, బహుశా చెరో సిగరెట్టూ కాల్చుకుంటూ ముగించేశారు. తనని అడగాలని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. కోపం రావాలి కదా అనుకుంది. రాలేదు. బదులుగా తడి ఇసుక వాసన గుర్తొచ్చింది, ఎందుకో.

కావడి చేప వేలెడంత కూడా ఉండదు. రెండు కొసలూ సూదిగా, ఒళ్ళంతా గాజులా, అటూ ఇటూ ఒకేలా ఉంటుంది. కావడిబద్దలా ఉంటుంది కాబట్టి ఆ ఊళ్ళో ఆ పేరు. ఎముక లేదు, తలంటూ విడిగా లేదు. పగలంతా ముతక ఇసుకలో నిలువునా దిగబడి, మూతి మాత్రం పైకి పెట్టుకుని ఉంటుంది. బాంగ్‌చీ చిన్నప్పుడు ఆ ఊరి పడవలన్నీ వాటి మీదే బతికేవి. మగవాళ్ళు పొడుగాటి వెదురుకి కట్టిన పారతో సముద్రం అడుగు నుంచి ఇసుక లేపేవాళ్ళు. ఆడవాళ్ళూ ఆడపిల్లలూ ఆ ఇసుకని వెడల్పాటి చేటల్లో నీళ్ళు పోసి తిప్పేవాళ్ళు. కుడికి మూడు చుట్లు, ఎడమకి ఒక్క విసురు. ఇసుక అడుగున కూర్చునేది, చేపలు వెండి దారాల్లా నీళ్ళ మీదికి లేచేవి. అప్పుడు చేట వంచాలి. ఒక్క లిప్త ముందు వంచితే ఇసుకొచ్చేది, ఆలస్యమైతే చేపలు మళ్ళీ దూరిపోయేవి. ఏడేళ్ళకే ఆమె చేతికి ఆ లిప్త తెలుసు. పడవల వరసలో పక్కపక్కనే కూర్చుని అమ్మా, పెద్దమ్మలూ, అక్కలూ ఒకే ఊపులో చేటలు తిప్పుతూ, మొగుళ్ళనీ అత్తల్నీ ఆడిపోసుకుంటూ నవ్వే నవ్వులు నీళ్ళ మీద ఎంత దూరమో పోయేవి. మధ్యాహ్నానికి పిడికెడు చేపలు కోడిగుడ్డులో గిలకొట్టి పెనం మీద పోసేవాళ్ళు. ఆ రుచి ఇప్పటికీ నాలిక మీద ఉంది. తరవాత ద్వీపానికి రాతికట్ట కట్టారు. నీటి పోకడ మారింది. ఇసుక మీద బురద పరుచుకుంది. పడవలు ఆల్చిప్పల పెంపకానికి మళ్ళాయి. ఆ నవ్వులు ఏ పనికి మళ్ళాయో ఆమెకి తెలియదు.

అరవై రెండులో ఓ వేసవి పొద్దున, పంట్లాం మోకాళ్ళ దాకా మడిచిన ఒకావిడ ఊళ్ళోకి వచ్చి కావడి చేపలు పట్టడం తెలిసినవాళ్ళెవరని అడిగింది. కాంగ్ టీచరమ్మ. ద్వీపంలో ప్రయోగశాల ఆవిడదే. ఇంకా మిగిలిన ఒకే ఒక్క ఇసుక తిన్నె దగ్గరికి ముగ్గురు మగవాళ్ళు తీసుకెళ్ళారు. వీపున పసివాణ్ణి కట్టుకుని బాంగ్‌చీ కూడా వెళ్ళింది. మగవాళ్ళ చేటల్లో వచ్చినవి తెగిపోయి వచ్చాయి. ఆమె చేటలో వచ్చినవి నిండుగా, గాటు లేకుండా వచ్చాయి. టీచరమ్మ చేపల్ని చూడలేదు, ఆమె చేతుల్ని చూసింది.

"నీ పేరేంటమ్మా?"

"బాంగ్‌చీ."

అంటే 'పుట్టింది కదా, పెంచుదాంలే' అని. ముగ్గురు ఆడపిల్లల తరవాత నాలుగోది. ఆ పేరు విన్నవాళ్ళు నవ్వుతారు, లేదా జాలిపడతారు. టీచరమ్మ రెండూ చెయ్యలేదు. "మీ నాన్న మాట మీద నిలబడ్డాడు, పెంచాడు," అంది. ఆ ఏడాదే ప్రయోగశాల సీసాల మీద అంటించే చీటీలతో ఆమెకి అక్షరాలు నేర్పింది. బాంగ్‌చీకి మొదట రాయడం వచ్చిన మాట తన పేరు కాదు, 'గుడ్డు'.

మొదటిసారి సూక్ష్మదర్శినిలో చూసిన పొద్దున ఆమెకి నిన్నటంత స్పష్టంగా గుర్తు. ముందు రోజు సందె వాలే వేళ చేపలు ఇసుకలోంచి లేచి గిరగిరా ఈది గుడ్లు వదిలాయి. తెల్లారేసరికి ఆ గుడ్లు ఆవగింజలో పదో వంతు ఉండే పిండాలయ్యాయి. టీచరమ్మ కుర్చీలోంచి లేచి, "కూర్చో," అంది. అంతకు ముందు ఎవరూ ఆమె కోసం కుర్చీలోంచి లేవలేదు. కంటికి గాజు ఆనించింది. మొదట తన కనురెప్పల వెంట్రుకలే కనిపించాయి. తరవాత వెలుగులో ఒక చిన్న గింజ. దాని వీపు మీద ఒక పలక. ఆ పలక మీదికి రెండు పక్కల నుంచీ పలచని పొర జరిగివస్తోంది, నిద్రపోయే పిల్లకి దుప్పటి లాగినట్టు. ఆ దుప్పటి కింద పలక అంచులు లేచి, ఒకదాని వైపు ఒకటి వంగి, గొట్టంలా చుట్టుకోబోతున్నాయి.

"అది నరాల తాడవుతుంది," అంది టీచరమ్మ. "మన వెన్నులో ఉన్నదీ ఇలాగే మొదలైంది. అమ్మ కడుపులో మూడో వారంలో నీకూ నాకూ వీపు మీద ఇలాంటి పలకే ఉండేది. మనలో అది ముందు చుట్టుకుని తరవాత మూసుకుంటుంది. దీనిలో ముందు కప్పుకుని, ఆ తరవాత చుట్టుకుంటుంది. ఎందుకలాగో తెలీదు."

"దాచుకుని చేసుకుంటోంది," అంది బాంగ్‌చీ.

టీచరమ్మ ఆ మాట నోటు పుస్తకంలో రాసుకుంది. తన నోటి మాటని ఒకరు కాగితం మీద పెట్టడం బాంగ్‌చీ చూడటం అదే మొదలు.

ఆ రోజుల్లో ఆవిడ ఎన్ని చెప్పేదో. ఆ పలక కింద ఇంకో పొర ఉంటుందట. అది పై పొరకి నువ్వు నరానివి అవ్వు అని చెబుతుందట. ఆ కింది పొరని కోసి ఇంకో పిండం పొట్ట వైపు పెడితే అక్కడా ఒక నరాల తాడు పుడుతుంది. టీచరమ్మ గాజు సూదితో కోసి చూపించింది. "ఏ మాటతో చెబుతుందో మాత్రం ఇంతవరకు ఎవరికీ తెలీదు," అంది. పిండాల్ని కదపడానికి పసిపిల్లల వెంట్రుకంత మెత్తనిది కావాలంటే బాంగ్‌చీ తన కొడుకు కియన్‌బెంగ్ పుట్టువెంట్రుకలు చుట్టి తెచ్చిచ్చింది. ఇంట్లో అత్తగారు ఆ వేళ వంటింటి చూరు లేచిపోయేట్టు అరిచింది. "నా మనవడి పుట్టువెంట్రుకలు పుల్లకి కట్టి పురుగుల్ని తోస్తారంటే ఇచ్చొచ్చావా? రేపు వాడి గోళ్ళడిగినా ఇస్తావు."

పడవల అడుగున సంచుల్లా పట్టుకుని నీళ్ళు చిమ్మే జీవుల్ని కూడా టీచరమ్మ గీకించి తెప్పించుకునేది. వాటి పిల్లలకి తోక ఉంటుంది, వీపున ఇదే తాడు ఉంటుంది. ఒక చోట అతుక్కున్నాక తోకా పోతుంది, ఆ తాడూ చాలా మటుకు పోతుంది. బురదలో దొరికే, ఆసుపత్రి వాసన కొట్టే వానపాము లాంటి పురుగు కూడా దూరపు బంధువేనట. అందరి పెద్దలూ ఒకప్పుడు ఒకే ఇంట్లో ఉన్నారు, ఆ ఇల్లు ఎలా ఉండేదో ఈ పిల్లల్ని చూసే ఊహించుకోవాలి అనేది. "అంత చుట్టరికమైతే పెళ్ళిళ్ళకి పిలవాలి," అనేది బాంగ్‌చీ, ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. ఆ ఉత్సాహంలో ఒక పూట భోజనాల దగ్గర, పడవ అడుగున పట్టే వాటికీ మనకీ చుట్టరికం ఉందట అని చెప్పింది. తియన్‌హోక్ గంజి గిన్నెలోంచి తలెత్తకుండా, "మీ పుట్టింటి వైపు అయుంటుంది," అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ తరవాత ఇంట్లో ఎప్పుడూ ఏదీ చెప్పలేదు.

అరవై ఆరులో చదువుకున్నవాళ్ళ మీద దేశమంతా ఉద్యమం లేచి, ప్రయోగశాల తలుపులకి నిందల కాగితాలు అంటించి మూసేశారు. టీచరమ్మని మరుగుదొడ్లు కడగమన్నారు, తరవాత కొండల్లోకి పంపేశారు. వెళ్ళేముందు బాంగ్‌చీతో ఒకే మాట అంది. "ఒక తొట్టిలో కొన్ని పెట్టుకో. ఏటా గుడ్లు పెట్టిన రోజు తేదీ రాయి. చాలు." వంటింటి వెనక పంచలో, పొయ్యి గోడకి ఆనించి ఆమె మట్టితొట్టి పెట్టింది. రేవు నుంచి సముద్రపు నీళ్ళు మోసుకొచ్చేది. "మనుషులకి గంజి లేదు, నీ చుట్టాలకి రోజూ కొత్త నీళ్ళు," అనేది అత్తగారు. ఆ పొయ్యి గోడ వెచ్చదనాన్ని బట్టే చేపలు గుడ్లు పెడుతున్నాయని ఆమెకి నాలుగో వేసవిలో అర్థమైంది. పొయ్యి ఆర్పిన రోజు పెట్టవు, పండగకి పొద్దుటి నుంచీ పొయ్యి వెలిగిన రోజు పెడతాయి. క్యాలెండరు కాగితాల వెనక ఆమె తేదీలతో పాటు పొయ్యి సంగతులూ రాసింది. ఆ తరవాతి ఏడాది ఆడవాళ్ళందర్నీ దూరపు కట్ట పనికి తీసుకెళ్ళారు. ఇరవై రోజులు మట్టి మోసి, తొట్టిలో అన్నీ చచ్చిపోయి ఉంటాయనుకుంటూ వస్తే అన్నీ బతికే ఉన్నాయి, నీళ్ళు తేటగా ఉన్నాయి. గట్టి ప్రాణాలు అనుకుంది.

టీచరమ్మ ఏడేళ్ళకి తిరిగొచ్చింది, తల నిండా తెల్లగా. వంటింట్లో నేల మీద కూర్చుని ఆ కాగితాలన్నీ ఒక్కొక్కటీ చదివింది. ఆ తరవాత ఆరు వేసవులు ఇద్దరూ కలిసి పనిచేశారు. బాంగ్‌చీకి ఇప్పుడు గుర్తొచ్చేది ఆ పని కూడా కాదు. గాజు గిన్నెలు వరసగా పెట్టుకుని, సందె వాలేదాకా ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒలుచుకు తింటూ ఎదురుచూసిన ఆ గంట. ఎవరికీ ఏమీ వండక్కర్లేని గంట. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది.

ఇప్పుడు ప్రయోగశాల చూసుకునే చువా సారు ఆవిడ శిష్యుడే, చెడ్డవాడు కాదు. నీళ్ళు వెచ్చబెట్టే పద్ధతిని ఆయన పత్రికలో రాశాడు. అక్కడ చదువుకునే పిల్ల ఒకతె అది తెచ్చి, "పిన్నీ, నీ గురించి ఉంది," అని చదివి వినిపించింది. 'స్థానిక మత్స్యకారుల అనుభవం ఆధారంగా' అని ఉంది. ఆ మత్స్యకారులెవరో బాంగ్‌చీకి అంతుబట్టలేదు. ఆ వంటింట్లో ఆమె తప్ప ఎవరూ లేరు. కిందటేడు ఫొటో తీసేటప్పుడు, "పిన్నీ, నువ్వు ఆ బకెట్టు పట్టుకుని కాస్త పక్కకి జరుగు," అన్నారు. ఫొటోలో బకెట్టు పడింది.

తియన్‌హోక్ చెప్పిన మూడో రోజున ఆ చదువుకునే పిల్లే పడవ దిగి వచ్చింది. చువా సారు చీటీ పంపాడు. మూడు రోజులుగా ఒక్క చేపా గుడ్డు పెట్టలేదట. ఎల్లుండి పొద్దున బయటి దేశం నుంచి శాస్త్రవేత్తలు వస్తున్నారు, వాళ్ళకి నరాల పలక చుట్టుకునే దశ చూపించాలి. 'ఎలా చేస్తావో వరసగా రాసి ఈ అమ్మాయికి ఇవ్వు. నువ్వు రానక్కర్లేదు. ఇంట్లో పనుంటుందని తెలుసు.'

ఆ పిల్లకి టీ ఇచ్చి, బాంగ్‌చీ వంటింట్లో కాగితం ముందేసుకుని కూర్చుంది. గుమ్మం దగ్గర అత్తగారు ఆల్చిప్పలు విప్పుతోంది. డెబ్బై మూడేళ్ళు. నోరు తగ్గలేదు, చెయ్యి తగ్గలేదు.

"ఏం రాశావు?" అంది కాసేపటికి.

"నీళ్ళు వెచ్చబెట్టాలని."

"ఎంత వెచ్చగా?"

"పొయ్యి గోడంత."

"వాళ్ళకి పొయ్యుందా?"

బాంగ్‌చీ రాసింది కొట్టేసింది. అత్తగారి కత్తి ఇంకో చిప్ప నోట్లోకి దిగింది. "మధ్యాహ్నం లోపే నీళ్ళు మార్చాలని రాయి. పొద్దు వాలాక మారిస్తే ఆ రోజు పైకి రావు. ఇసుక మీద పొయ్యకూడదు, అంచు వెంబడి పొయ్యాలి."

పెన్సిలు ఆగిపోయింది. ఆ సంగతి టీచరమ్మకి తప్ప ఆమె ఇంకెవరికీ చెప్పలేదు.

"నీకెలా తెలుసత్తా?"

ముసలామె తలెత్తలేదు. "ఆ ఏడు కట్ట పనికి పోయావు. ఇరవై రోజులు. నీళ్ళెవరు మార్చారనుకున్నావు, నీ మొగుడా?"

పొయ్యి మీద నువ్వులనూనె కాగుతోంది. బాంగ్‌చీ లేచి మంట తగ్గించి వచ్చి అత్తగారి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"పారబోద్దామనే వెళ్ళాను," అంది ముసలామె. "నువ్వు లేవు, అడిగేవాళ్ళు లేరు. తొట్టి ఎత్తబోతే బరువుగా ఉంది. కాస్త ఊపిరి తీసుకుందామని కూర్చున్నాను. అంతలో పొద్దు వాలింది. ఇసుకలోంచి ఒకటి లేచింది. దాని వెనకే ఇంకోటి. తరవాత అన్నీ. కళ్ళు లేని ముండలు, అంత హుషారుగా ఎలా తిరిగాయో. చూస్తూ కూర్చుండిపోయాను, పొయ్యి మీద గంజి మాడిపోయింది. ఈ ఇంటికొచ్చిన నలభై ఏళ్ళలో చేతిలో పని లేకుండా కూర్చోవడం అదే మొదలు. మర్నాడూ కూర్చున్నాను. నీళ్ళు నేనే మోసుకొచ్చాను. మూడు రోజులు తప్పుగా పోశాను, తరవాత తెలిసింది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? రోజూ తిట్టిన నోటితో." కత్తి మొనతో చిప్ప లోపల గీకింది. "నువ్వొచ్చావు. తొట్టి మళ్ళీ నీదైపోయింది. నాకక్కడికి పోవడానికి సాకు లేకుండా పోయింది."

ఆ 'అక్కడికి' బాంగ్‌చీ చెవుల్లో వేరేగా మోగింది. ఆ తరవాత పద్నాలుగేళ్ళు ఒకే వంటింట్లో, ఒకరి మోచెయ్యి ఒకరికి తగులుతూ, ఇద్దరూ ఒకే పంచలోకి చూస్తూ గడిపారు. ఒకరు తొట్టి వైపు చూస్తే రెండోవాళ్ళు తిట్టాలి, అదీ ఆ ఇంటి పద్ధతి. తనకి టీచరమ్మ దొరికింది, కుర్చీలోంచి లేచి కూర్చోమంది. అత్త కోసం ఎవరు లేచారు? 'నా చుట్టాలు' అని తను అక్కడెక్కడో సముద్రంలో వెతుక్కుంది గాని, తన పక్కన పీట వేసుకుని ఆల్చిప్పలు విప్పే మనిషి ఒక్క సందెలో ఏం చూసిందో ఏనాడూ అడగలేదు. తనూ అడగలేదు. రేవులో నిలబడ్డ ఆ ఇద్దరు మగవాళ్ళలాగే తనకీ తోచలేదు.

కాగితం నాలుగు మడతలు పెట్టి పొయ్యిలో వేసింది. బయటికి వెళ్ళి, "సారుకి చెప్పమ్మా, రేపు పొద్దుటి పడవకి వస్తున్నామని," అంది ఆ పిల్లతో.

"వస్తున్నామంటే ఎవరెవరు పిన్నీ?"

"మా అత్తా, నేనూ."

సాయంత్రం తియన్‌హోక్ విని నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "రాదని చెప్పేశానే. నా మాటేం కావాలి?"

"నువ్వు చెప్పావు. నేను చెప్పలేదు."

"ఇద్దరూ పోతే వంటెవరు చేస్తారు?"

"నువ్వు."

"నాకు రాదు."

"రా, చూపిస్తాను."

అతను తల్లి వైపు చూశాడు. జీవితంలో ఏ తగాదాలోనైనా అటు నుంచి సాయం వచ్చేది. ముసలామె ఆల్చిప్పల బుట్ట అతని ముందుకి తోసింది. "ఇవి కూడా కడుగు." లోపలి గదిలోంచి లేహున్ గొంతు వినిపించింది. "మామా, అల్లం సన్నగా తరగాలి. అత్త చాలా సన్నగా తరుగుతుంది." బిడ్డని ఎత్తుకుని గుమ్మంలో నిలబడ్డ కియన్‌బెంగ్ నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకున్నాడు. "నవ్వకు," అంది బాంగ్‌చీ, "పొద్దుటి పులుసు నీది. రా, నువ్వూ చూడు." తండ్రీ కొడుకులు పొయ్యి ముందు గొంతుక్కూర్చున్నారు. తియన్‌హోక్ తరిగిన అల్లం ముక్కలు అగ్గిపెట్టెల్లా ఉన్నాయి. బాంగ్‌చీ తన చెయ్యి ముందుకి పోబోతే వెనక్కి లాక్కుంది. అది ఆమెకి ఆ రోజు అన్నిటికన్నా కష్టమైన పని.

మర్నాడు ఇప్పటికీ పంచలోనే ఉన్న తొట్టిలోంచి ఇరవయ్యో ముప్ఫయ్యో చేపల్ని ఇసుకతో సహా బకెట్టులోకి తీసి, మధ్యలో బద్ద దూర్చి ముందు బాంగ్‌చీ, వెనక అత్తగారూ మోసుకుంటూ రేవుకి వచ్చారు. పడవలో అత్తగారు ద్వీపం వచ్చేదాకా బకెట్టు అంచు వదల్లేదు. ప్రయోగశాల గేటు దగ్గర కాపలావాడు కొత్తమనిషి కాబట్టి పేరు రాయించమన్నాడు.

"మా అత్త," అంది బాంగ్‌చీ.

"పేరు చెప్పాలి."

బాంగ్‌చీ నోరు తెరిచి ఆగిపోయింది. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో ఆ పేరు ఎవరూ పిలవగా వినలేదు. ముసలామే ముందుకొచ్చింది. "చియోతీ."

'తమ్ముణ్ణి పిలుచుకురా' అని అర్థం. కాపలావాడు రాసుకుంటూ, "మరి వచ్చాడా అవ్వా?" అన్నాడు.

"ముగ్గురొచ్చారు. ముగ్గుర్నీ ఈ వీపునే మోశాను. గేటు తియ్యి."

చువా సారు బకెట్టు చూసి ఊపిరి పీల్చుకున్నాడు, ముసలామెని చూసి కనుబొమలు ముడిచాడు. "ఈవిడెందుకు?"

"నీళ్ళు మార్చడానికి," అంది బాంగ్‌చీ. అది అబద్ధం కాదు. నూనె స్టవ్వు వెలిగించి గదిని వెచ్చబెట్టారు. నీళ్ళు అత్తగారే మార్చింది, అంచు వెంబడి, చెయ్యి వణక్కుండా. తరవాత ఇద్దరూ గోడకి ఆనుకుని కూర్చున్నారు. బాంగ్‌చీ గుడ్డలో మూట కట్టి తెచ్చిన ఉడికిన వేరుశనక్కాయలు మధ్యలో పోసింది. కిటికీలో వెలుగు పసుపై, బూడిదై, సన్నగిల్లింది. మొదటి చేప లేచినప్పుడు ముసలామె ఒక్కసారి ఆమె మణికట్టు పట్టుకుంది. వదిలింది గిన్నెలో గుడ్లు పడ్డాకే.

తెల్లారి పిండాలు పొరలోపల తిరగడం మొదలుపెట్టాయి. ఏడున్నరకి బాంగ్‌చీ మంచివి ఏరి గాజు పలక మీద పెట్టింది. కంటికి ఆనించి చూసింది. పలక లేచింది, దుప్పటి జరుగుతోంది. సరిగ్గా ఆ వేళ. సారు మెట్ల దగ్గర అతిథుల్ని ఆహ్వానిస్తున్న మాటలు వినబడుతున్నాయి. ఆమె కుర్చీలోంచి లేచింది.

"కూర్చో అత్తా."

"నాకేం తెలుస్తుంది?"

"ఒక కన్ను మూసుకో. మొదట నీ రెప్పలే కనబడతాయి. ఆగు, పోతాయి."

ముసలామె కూర్చుంది. నడుం వంగిన మనిషి, కుర్చీ ఎత్తు చాలక మెడ చాచింది. ఆమె రెండు చేతులూ ఒళ్ళో వెల్లకిలా, ఖాళీగా ఉన్నాయి. చేతుల మీద ఆల్చిప్పల గాట్లు తెల్లగా మెరుస్తున్నాయి.

"తిరుగుతోంది," అంది చివరికి. "ఎవరు తిప్పుతున్నారు?"

"ఎవరూ తిప్పడం లేదత్తా. అదే తిరుగుతోంది."

"ఇంత పొద్దున్నే," అంది ముసలామె, అంతే.

తలుపు తెరుచుకుంది. చువా సారు ముందు, వెనక ముగ్గురు పొడుగాటి పరాయి మనుషులు, వాళ్ళ వెనక ఫొటో తీసేవాడూ, చదువుకునే పిల్లలూ. సారు గదంతా చూసి, కుర్చీలో ఉన్న మనిషిని చూసి, బాంగ్‌చీ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "వచ్చేశారు. ఆవిణ్ణి లేపు. ఈ దశ పావుగంట కూడా ఉండదు, నీకు తెలుసు కదా."

బాంగ్‌చీకి తెలుసు. అక్కడున్న అందరికన్నా తెలుసు. ఇరవై రెండేళ్ళుగా ఎవరైనా తలుపు తీస్తే ఆ కుర్చీ దగ్గర నుంచి జరిగినది ఆమే. బకెట్టు చేతికి తీసుకోలేదు, గోడ వైపుకి జరగలేదు. కుర్చీ వెనక, దాని ఆనుడు చెక్క మీద చెయ్యేసి నిలబడింది.

"ఆగండి సారూ," అంది. "మా చియోతీ చూడటం ఇంకా అవలేదు."